మావయ్య విస్తట్లో గ్లాసు

మా బావ దేవేంద్ర తాగే రోజుల్లో అతని చొక్కాలు నేను కర్రతో ఎత్తి బకెట్లో వేసేదాన్ని. చేత్తో ముట్టుకునేదాన్ని కాదు. కట్టుకున్నవాడి బట్టలంటే అంత అసహ్యమేమిటే అని మా అమ్మ ఓసారి కోప్పడింది. ఒక్క చొక్కా నువ్వు ఉతికి చూడు అన్నాను. అమ్మ చొక్కా దగ్గరగా వెళ్ళి, వెనక్కి తిరిగి వచ్చేసి, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

దేవేంద్ర నాకు సొంత మేనత్త కూర్మమ్మ కొడుకు. నరసన్నపేట దాటాక హైవే దిగి లోపలికి వెళ్తే మా ఊరు. బావకి సొంత ట్రాక్టరుంది. నాట్లకి ముందు దమ్ము పట్టడంలో అతని చెయ్యే చెయ్యని చుట్టుపక్కల రైతులందరూ ఒప్పుకుంటారు. మడిలో చక్రాలు దింపాడంటే ఎత్తుపల్లాలన్నీ సర్దుకుని బురద సాపుగా పరుచుకునేది, నాట్లు వేసే ఆడవాళ్ళు దేవేంద్ర పట్టిన మడి అని చెప్పకుండానే పోల్చుకునేవారు. అంత పనిమంతుడు. పనిమంతుడు కావడం వల్లే పాడైపోయాడని కూడా చెప్పాలి. దమ్ముకి పిలిచిన ప్రతి రైతూ కిరాయితో పాటు ఒక క్వార్టర్ సీసా తెచ్చి గట్టు మీద పెట్టేవాడు. అది మా వైపు మర్యాద. పెట్టకపోతే రైతుకి నామోషీ, పుచ్చుకోకపోతే డ్రైవరుకి పొగరు. ఆ మర్యాద మొహాన ఉమ్మెయ్యాలని నాకు చాలాసార్లు అనిపించింది.

ఇంట్లో అయితే అతనూ, వాళ్ళ నాన్న జగన్నాధం మావయ్యా కలిసి తాగేవారు. అరుగు మీద తండ్రీకొడుకులిద్దరూ, మధ్యన ఉల్లిపాయ ముక్కలూ, వేయించిన మెత్తళ్ళ చేపలూ. అత్త ఆ మెత్తళ్ళు వేయించేది, గ్లాసులు కడిగి తెచ్చేది, మావయ్య చెయ్యి వణికే రోజున తనే సీసా వంచి పోసేది. ఎందుకత్తా అంటే ఆవిడ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

"ఈదిలో పడి తాగితే పరువు పోతాది. ఇంటికాడ తాగితే మన కళ్ళముందుంటారు. మగోళ్ళని మనం ఆపగలమేటే."

కళ్ళముందు తాగినవాళ్ళు కళ్ళముందే కక్కేవారు. మావయ్య కక్కినది అత్త, బావ కక్కినది నేను, పెరట్లోంచి బూడిద తెచ్చి పోసి పక్కపక్కనే వంగి ఎత్తేవాళ్ళం. నేను కొంగు ముక్కుకి అడ్డం కట్టుకునేదాన్ని. అత్త ముక్కు మూసుకునేది కాదు. పొయ్యి ముందు కూచుని బియ్యం ఏరుతున్నంత మామూలుగా ఆ పని చేసేది. నిజం చెప్పాలంటే ఆ కక్కు కన్నా, దాని ముందు ముక్కు మూసుకోని ఆ మనిషంటేనే నాకు ఎక్కువ రోత పుట్టేది.

మా అమ్మాయి ఝాన్సీ ఊహ తెలిశాక వాళ్ళ నాన్న ముట్టిన చెంబుతో నీళ్ళు తాగడం మానేసింది. తన గ్లాసు తను పుస్తకాల సంచిలో పెట్టుకుని తిరిగేది. ఇంట్లో ఉండి కూడా బడిలో ఉన్నట్టు ఆ సంచి జిప్పు తీసి, గ్లాసు తీసి, నీళ్ళు తాగి, మళ్ళీ దాచుకునేది.

మానిపించడానికి మేం చెయ్యనిది లేదు. పర్లాకిమిడి అవతల కొండల్లో ఆకుమందు ఇస్తారంటే తీసుకెళ్ళాం. ఆ పసరు తాగి పేగులు బయటికొచ్చేలా కక్కాడు. కక్కడం ఆగిన సాయంత్రమే కిళ్ళీబడ్డీ వెనకాల తాగి దొరికాడు. కూతురి తల మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించాం. ఒట్టు అతను తప్పితే, పిల్లకి జ్వరం వచ్చినప్పుడల్లా వణికి చచ్చింది నేను.

వీటన్నిటికన్నా నాకు కంపరం పుట్టించింది మాల దీక్ష. ఏటేటా కార్తీకంలో వేసుకునేవాడు. మాలలో ఉన్నన్నాళ్ళూ చుక్క ముట్టడు. చన్నీళ్ళ స్నానం, నల్లబట్టలు, నేలపడక, ఒంటిపూట భోజనం. ఊరంతా స్వామీ అంటూ అతని కాళ్ళకి దణ్ణం పెట్టేది. నేనూ పెట్టేదాన్ని, ఈసారైనా నిలబడతాడేమోనని. యాత్ర ముగించుకుని ఆమదాలవలస స్టేషన్లో రైలు దిగి, మాల తీసిన మెడతో నేరుగా బ్రాందీ షాపుకి నడిచేవాడు. గుమ్మంలోకి వచ్చేసరికి చేతిలో ప్రసాదం డబ్బా, నోట్లో ఆ కంపు. ఆ ప్రసాదం పిల్లకి పెట్టబుద్ధి కాక గేదె కుడితిలో కలిపేశాను. దణ్ణం పెట్టిన నా చేతుల్ని చాలాసేపు సబ్బుతో రుద్దుకున్నాను.

పోయినేడు మావయ్య పోయాడు. పొట్ట కడవలా ఉబ్బి, కళ్ళు పసుపు రంగుకి తిరిగి, శ్రీకాకుళంలో ఆస్పత్రి మంచం మీద రక్తం కక్కుకుని పోయాడు. ఆఖరి పూట దగ్గరున్నది బావ ఒక్కడే. అక్కడ ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు, మేమూ అడగలేదు. తండ్రి చావు చూశాక భయపడి మానేస్తాడని అందరం అనుకున్నాం. కర్మ అయిన మర్నాటి నుంచి ఇంకా ఎక్కువ తాగాడు. పొద్దున్న పళ్ళు తోముకోకుండానే మొదలుపెట్టేవాడు.

ఓరోజు దమ్ము పడుతూ పడుతూ సీటు మీంచి జారి బురదలో పడ్డాడు. ట్రాక్టరు తనంతట తనే పోయి గట్టుకి గుద్దుకుని ఆగింది. ఇనప చక్రం అతని చెవి రాసుకుంటూ పోయిందని చూసినవాళ్ళు చెప్పారు. నేను పరిగెత్తుకెళ్ళేసరికి బురదలో కూచుని ఏడుస్తున్నాడు. కన్నీళ్ళూ, చీమిడీ, చెవి నుంచి కారే నెత్తురూ అన్నీ కలిసిపోయి ఉన్నాయి.

"శైలజా, నాను సచ్చిపోతన్నాను. నాయినలాగే సచ్చిపోతాను" అన్నాడు.

"సావు. ముందు ఆ మూతి కడుక్కుని సావు" అన్నాను. అదే అన్నాను, అబద్ధమెందుకు. చెయ్యి మాత్రం అందించాను.

చెవికి కుట్లు వేసిన డాక్టరమ్మ అతన్ని బయటికి పంపి నాతో మాట్లాడింది. మందులు ఒంటికి పనిచేస్తాయి, మనిషికి వేరే తోడు కావాలి అంది. శ్రీకాకుళంలో తాగుడు మానినవాళ్ళు ఆదివారం ఆదివారం ఒకచోట కూచుంటారనీ, డబ్బులేమీ పుచ్చుకోరనీ చెప్పి ఫోన్ నంబరిచ్చింది. ఇంటికొచ్చి చెప్తే అత్త నెత్తి కొట్టుకుంది.

"మతంలో కలిపేస్తారే ఆళ్ళు. ముందు టీ ఇస్తారు, తరవాత పుస్తకం ఇస్తారు."

"మన మతంలో ఉండి నీ కొడుకు మొక్కతన్నది బ్రాందీ షాపుకే గదత్తా" అన్నాను. ఆ ఆదివారం ఆవిడ మా ఇద్దరి మొహాలూ చూడలేదు.

శ్రీకాకుళంలో బస్సు దిగి ఆ నంబరుకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. తాగుడు మానేవాళ్ళ మీటింగు ఎక్కడవుతుందని స్టాండులో ఉన్న ఆటో అతన్ని అడిగాను. అతను బావ మొహం వైపు చూసి, నవ్వి, ఎదురుగా ఉన్న మందు షాపూ దాని పక్క పర్మిట్ రూమూ చూపించాడు.

"అందరూ అక్కడే మానేస్తారమ్మా, రేపట్నించి."

పక్కవాళ్ళు కూడా నవ్వారు. బావ కాళ్ళు మాత్రం నిజంగానే అటు నడిచాయి. వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగాను. అతని చొక్కా చేత్తో పట్టుకోవడం ఎన్నాళ్ళకో. అలా పట్టుకుని ఉండగానే ఫోన్ మోగింది. బట్టల బజారులో ఫలానా సందులోకి రండి, ఇనప మెట్లుంటాయి, ఎక్కేయండి అని ఓ పెద్దాయన గొంతు చెప్పింది.

మెట్లెక్కితే బట్టల మూటలున్న గోడౌను. మూటలు ఓ పక్కకి జరిపి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఏ దేవుడి పటమూ లేదు. పుస్తకం ఎవరూ ఇవ్వలేదు. టీ ఇచ్చారు. ఇచ్చినాయన కింద ఉన్న బట్టల కొట్టు యజమాని ఉమాపతి గారు. మల్లెపువ్వులాంటి చొక్కా, నుదుట కుంకుమబొట్టు, చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించే మనిషి. ఇంటివాళ్ళు కూడా కూచోవచ్చన్నారు కాబట్టి నేనూ వెనక వరసలో కూచున్నాను. ఆయనే మొదలుపెట్టాడు.

"నా పేరు ఉమాపతి. నేను తాగుబోతుని."

నమస్కారం ఉమాపతి అన్నారు అందరూ. అంత పెద్దమనిషి నోట ఆ మాటేమిటని నేను అనుకుంటూ ఉండగానే ఆయన తన కథ అందుకున్నాడు.

"పెళ్ళివారు ఏరుకుని వెళ్ళిన పట్టుచీర మీద, ఇదే గదిలో తాగి కక్కుకున్నాను. ఉతికించలేదు. తుడిచేసి, ఆ మడత లోపలికి తిప్పి, పెట్టెలో పెట్టి ఇచ్చేసేను. ఆ పిల్ల ఆ చీరతోనే పీటల మీద కూచుంది. నేను ఆ పెళ్ళికెళ్ళి, అక్షింతలేసి, భోజనం చేసి వచ్చేను."

నా చేతిలో టీ గ్లాసుంది. ఆయన ఆ చేత్తో పోసిన టీ. గ్లాసు కుర్చీ కింద పెట్టేశాను. తరవాత ఇంకొకాయన లేచి, చంటిపిల్ల పాలడబ్బా అమ్మి తాగిన సంగతి చెప్పాడు. ఏడుస్తూ కూడా చెప్పలేదు, బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు. ఇంట్లో ఉన్న కంపు చాలదని చార్జీలు పెట్టుకుని వచ్చి ఊరందరి కంపూ పీలుస్తున్నానా అని నాకు ఒళ్ళు మండింది. వెళ్ళేముందు ఉమాపతి గారిని అడిగేశాను.

"బాబూ, ఇలాటియ్యి కడుపులో పెట్టుకోవాల గానీ పదిమందిలో సెప్పుకుంతారేటి? అసయ్యం ఎయ్యదేటి?"

"ఏస్తాదమ్మా. అది పోకుండా ఉండాలనే చెప్తన్నాను. ఆ చీర నేను మర్చిపోయిన రోజున, సీసా మళ్ళీ నాకు అందంగా కనిపిస్తాది" అన్నాడాయన.

ఆ మాట నాకు అప్పుడు నచ్చలేదు. కానీ మళ్ళీ ఆదివారం బావ తనంతట తనే తల దువ్వుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అందుకని వెళ్ళాను. అలా ప్రతి ఆదివారం వెళ్ళాం. తన వంతు వచ్చినప్పుడు బావ లేచి, "నా పేరు దేవేంద్ర, మాది నరసన్నపేట దగ్గర" అని కూచునేవాడు. రెండో మాట వచ్చేది కాదు. ఎవరూ బలవంతపెట్టేవారు కాదు. నేనే బస్సులో సాధించేదాన్ని.

"అందరూ కక్కుతుంతే నువ్వు మింగుకుని కూకుంతావేటి బావా? నీ పరువేటి అంత గొప్పదా?"

"నాది ఆళ్ళలాటిది కాదు శైలజా. సెప్పేనంతే నువ్వు మళ్ళీ నాతో బస్సెక్కవు" అన్నాడు. కిటికీ వైపు తిరిగిపోయాడు.

చెప్పకపోయినా తాగలేదు. అది మాత్రం ఒప్పుకోవాలి. మొదట్లో చేతులు వణికి అన్నం ముద్ద నోటికి చేరేది కాదు. చెమటలు పట్టేవి. నోరు పీకినప్పుడల్లా బెల్లం గడ్డ బుగ్గన పెట్టుకునేవాడు. దమ్ముకి పిలిచిన రైతులకి ముందే చెప్పేసేవాడు, సీసా పెట్టొద్దు, ఏదైనా పెట్టాలనుంటే అరటిపళ్ళు పెట్టండని. కొందరు నవ్వారు, కొందరు మొహం ముడుచుకుని వేరే ట్రాక్టరు చూసుకున్నారు. అయినా పని దొరికింది. మా ఝాన్సీ గ్లాసు సంచిలోంచి వంటింటి గూట్లోకి వచ్చింది. ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. నేను మాత్రం రోజూ ఆ గూడు వైపు చూసుకునేదాన్ని. బావ చొక్కాలు కూడా చేత్తోనే ఉతుకుతున్నాను.

ఉమాపతి గారు అస్తమానం ఒకటే చెప్పేవారు. ఒక్క గుక్క చాలు మొదటికి రావడానికి, అది దగ్గుమందులో కలిసినా తీర్థంలో కలిసినా సరే అని.

అలాంటప్పుడు మావయ్య సంవత్సరీకం వచ్చింది. మా ఇళ్ళలో పెద్దలకి పెట్టడమంటే ఒక పద్ధతుంది. పోయినవాళ్ళ ఫోటో ముందు విస్తరి వేసి, బతికుండగా వాళ్ళు ఏవి ఇష్టంగా తిన్నారో అవన్నీ వడ్డించాలి. తలుపు దగ్గరగా వేసి, వాళ్ళు తినేదాకా బయట కూచోవాలి. తరవాత పెద్దకొడుకు ఆ విస్తరి ముందు కూచుని, అన్నిట్లోనూ కొంచెం కొంచెం నోట పెట్టుకోవాలి. అతను ముట్టనిది పెద్దలకి అందనట్టే లెక్క. ఆ తరవాతే మిగతావాళ్ళ భోజనాలు. అన్నీ అంటే అన్నీ. మావయ్యకి ఇష్టమైనవి కోడికూర, చేపల ఇగురు, చుట్ట, ఇంకా అది.

అది నారాయణమూర్తి చిన్నమావయ్య తెచ్చాడు. మావయ్య తమ్ముడు. మావయ్య తాగే రకమే వెతికి పట్టుకొచ్చానని, తెల్ల కవర్లోంచి సీసా తీసి పదిమందికీ చూపించాడు. నేను ముందురోజే అత్త కాళ్ళు పట్టుకున్నాను, ఈ ఒక్కటీ వద్దత్తా, నీ కొడుకు ఇప్పుడిప్పుడే మనిషవుతున్నాడు అని. అత్త మొహం తిప్పుకుంది.

"పోయినోడి ఆకల్లో మట్టి కొట్టమంతావేటి. తాగమన్లేదు గదా ఈడ్ని. పెదాలకి తగిలించమన్నాను. అది తాగడం కాదు, ప్రసాదం."

ఏ మావయ్య కాలేయం కుళ్ళి చచ్చాడో ఆ మావయ్యకి అదే విషం మళ్ళీ వడ్డించడం. ఏ కొడుకుని మానిపించడానికి ఒడిశా కొండలెక్కామో ఆ కొడుకు నోటికే అందించడం. పైగా దానికి ప్రసాదమని పేరు. అత్త స్టీలు గ్లాసులో పోసింది. మావయ్య బతికున్నప్పుడు పోసిన కొలతే, చెయ్యి తొణకలేదు. గది నిండా ఆ వాసన లేచింది.

తలుపు తీశాక బావ పీట మీద కూచున్నాడు. కోడికూర ముట్టాడు, చేప ముట్టాడు. చుట్ట కళ్ళకద్దుకుని పక్కన పెట్టాడు. గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. అతని గొంతు ముడి పైకీ కిందకీ ఆడింది. ఝాన్సీ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఒక్క సుక్కేరా, ముట్టీసి లే. అందరూ ఆకలి మీదున్నారు" అన్నాడు చిన్నమావయ్య.

బావ గ్లాసు మళ్ళీ విస్తట్లో పెట్టేశాడు. ఫోటో వైపు చూసి, గోడౌనులో ఏనాడూ పూర్తిచెయ్యని మాట పూర్తిచేశాడు.

"నాయినా, నా పేరు దేవేంద్ర. నాను తాగుబోతుని."

ఎవరో నవ్వారు. అతను ఆగలేదు.

"ఆస్పత్రిలో ఒక్క సుక్క పొయ్యరా అని అడిగేవు. డాక్టరు వద్దన్నాడు. నీ మీద పేమతో తెచ్చేనని నాకు నాను సెప్పుకున్నాను గానీ, నా కోసమే తెచ్చేను. మూతతో నీ నోట్లో పోసేను. నువ్వు రగతం కక్కుతుంతే నర్సమ్మని పిలవాల. పిలిస్తే సీసా లాగీసుకుంతారని పిలవలేదు. నీ మంచం కింద కూకుని మిగిలింది తాగేను. నీ రగతం నా బుజం మీద కారతన్నాది. సీసా అయిపోయేక లేసి సూసేను. అప్పటికి నువ్వు లేవు."

అతను బస్సులో నాతో అన్నది నిజమే. నాకు అప్పుడే లేచి బయటికి పోవాలనిపించింది. ఇన్నేళ్ళలో అతని కక్కు ఎత్తాను, ఉచ్చ కడిగాను. ఇంత రోత ఎప్పుడూ కలగలేదు. ఆ చొక్కా నాకు గుర్తుంది. భుజం మీద మరక చూసి, తండ్రిని ఎత్తి పట్టుకున్నాడు కాబోలని జాలిపడి ఆ ఒక్క చొక్కా మాత్రం చేత్తో ఉతికాను.

ముందు నోరు విప్పింది చిన్నమావయ్యే.

"పెద్దల పూట ఈ కంపు మాటలేటిరా? మా అన్న రాజాలాగ బతికేడు, రాజాలాగ పోయేడు. ముట్టు ముందు."

"రాజాలాగ బతికేడా" అంది అత్త.

అప్పటిదాకా గోడకి ఆనుకుని ఉన్న మనిషి వచ్చి విస్తట్లో గ్లాసు తీసుకుంది. కొడుక్కి అందిస్తుందేమోనని నేను ముందుకి వెళ్ళాను. ఆవిడ నన్ను దాటుకుని పెరట్లోకి నడిచింది. వదినా, పెద్దలకెట్టింది పారబోస్తే కీడు అంటూ చిన్నమావయ్య వెనకే వెళ్ళాడు.

"కీడు ఎప్పుడో వచ్చీసింది. నానే పోసి పెంచేను దాన్ని" అంది అత్త.

మా పెరటి మూల బూడిద కుప్ప ఉంది. ఇన్నేళ్ళూ కక్కు మీద పొయ్యడానికి మేమిద్దరం బూడిద ఎత్తుకొచ్చిన కుప్ప అదే. గ్లాసు దాని మీద వంచింది. వంచుతూ వంచుతూ రెండో చేత్తో కొంగు తీసి ముక్కు మూసుకుంది. నా పెళ్ళయ్యాక ఆవిడ ముక్కు మూసుకోవడం నేను చూడ్డం అదే మొదటిసారి.

ఆ బూడిదతోనే గ్లాసు తోమింది. కుండలో నీళ్ళు ముంచి, లోపలికి తెచ్చి విస్తట్లో పెట్టింది.

"దప్పికేస్తే ఇయ్యి తాగు. ఇంక నాను పొయ్యను" అంది ఫోటోతో. కొడుకు వైపు చూడకుండానే, "ముట్టు" అంది. బావ ఆ నీళ్ళు తాగాడు.

చిన్నమావయ్య భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయాడు. మిగిలిన సీసా మాత్రం మర్చిపోకుండా కవర్లో పెట్టుకున్నాడు. అతని వెంట ఇంకొందరు వెళ్ళారు. ఇప్పటికీ ఆ ఇళ్ళవాళ్ళు మమ్మల్ని పిలవడం లేదు. నాకైతే హాయిగానే ఉంది.

బావతో మళ్ళీ బస్సెక్కుతానా లేదా అని ఆ వారమంతా నాతో నేను పోట్లాడుకున్నాను. ఆ చొక్కా కళ్ళముందు నుంచి పోలేదు, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆదివారం నేను చీర మార్చుకుని వచ్చేసరికి, మా ఇద్దరికన్నా ముందు అత్త చెప్పులేసుకుని గుమ్మంలో ఉంది.

గోడౌనులో ఉమాపతి గారు ఆవిడకి టీ ఇచ్చారు, తాగింది. ఆ చేతి టీ నేనింకా తాగలేకపోతున్నాను. బావ లేచి రెండు మాటలూ చెప్పి కూచున్నాడు. తరవాతి కుర్చీలో ఉన్నది అత్త. ఇంటివాళ్ళు మాట్లాడక్కర్లేదమ్మా అన్నారు ఉమాపతి గారు. ఆవిడ వినిపించుకోకుండా కుర్చీ పట్టుకుని లేచింది.

"నా పేరు కూర్మమ్మ. నాను తాగలేదు. నాను పోసేను."

నమస్కారం కూర్మమ్మా అన్నారు అందరూ.